పశువులు అడ్డురాని పశువైద్యశాల

మార్చి నెల పదకొండవ తేదీ, మంగళవారం ఉదయం, ప్రాంతీయ పశుసంవర్ధక కార్యాలయపు సమావేశ మందిరంలో హాజరైనవారు: అధ్యక్ష స్థానంలో సంయుక్త సంచాలకులు శ్రీ పరాత్పరరావు గారు, ఆయన కుడిపక్కన కార్యాలయ పర్యవేక్షకులు శ్రీ అచలపతి, ఎదుట, సంచార పశువైద్యశాల వైద్యులు డాక్టర్ దైవాధీనం. ఆ వైద్యశాల అనే వ్యానును చాలా ఏళ్లుగా నడుపుతున్న డ్రైవరు షేక్ బాజీ గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. అతడు హాజరైనట్టా కానట్టా అన్నది మినిట్స్ రాస్తున్న అచలపతికి కొంతసేపు తేలలేదు. చివరికి "అందుబాటులో కలరు" అని రాశాడు.

చర్చనీయాంశం ఆ వ్యానే.

అది పుట్టినప్పుడు తెల్లగా ఉండేదని రికార్డులు చెబుతాయి. ఇప్పుడు పలచటి మజ్జిగ రంగులో ఉంది. పక్క రేకు మీద ఒక ఆవు, దాని దగ్గర పాలు తాగుతున్న దూడ బొమ్మ. ఎప్పుడో గ్రానైటు లారీ ఒకటి రాసుకుపోయినప్పుడు ఆవు తల మొత్తం చెరిగిపోయింది. దూడ మాత్రం సంగతి తెలియక తాగుతూనే ఉంది. లోపల ఒక ఇనప బల్ల, మందుల అర, ఇంజను నడిచినంతసేపూ చల్లగా ఉండే చిన్న ఫ్రిజ్. ఏటా తొలకరికి ముందు ఆ ఫ్రిజ్ నిండా గొంతువాపు టీకామందు పెట్టుకుని, క్వారీల వెనకనున్న మెట్ట పల్లెలన్నీ తిరగడం దైవాధీనం ఉద్యోగంలో అన్నిటికంటే ముఖ్యమైన పని. తొలి వాన పడ్డాక, టీకా లేని గేదెకు పొద్దున జ్వరం వస్తే మధ్యాహ్నానికి గొంతు వాస్తుంది. సాయంత్రానికి ఆ ఇంట్లో పాడి ఉండదు.

పరాత్పరరావు గారు గొంతు సవరించుకున్నారు. అంతకు ముందు వారం ఆయన శిక్షణకని రాజధానికి వెళ్లి, తోటి అధికారి కొత్త కారును తానే నడుపుకుంటూ తిరిగివచ్చారు.

"డాక్టర్ గారూ, ఆ ప్రయాణంలో సగం దూరం నా కుడిపాదం ఏ పనీ చెయ్యలేదు. ఒక మీట నొక్కాను. అంతే. కారు తనంతట తాను ఒకే వేగంతో సాగిపోయింది. ఆ విరామంలో నాకు పరిపాలన అంటే ఏమిటో బోధపడింది."

"క్రూజ్ కంట్రోల్ అంటారు సార్ దాన్ని" అన్నాడు దైవాధీనం.

"స్థిరవేగ ధారణ యంత్రం అందాం. మన వ్యానుకు దాన్ని అమర్చబోతున్నాం. గంటకు అరవై కిలోమీటర్లు. ఎక్కువా కాదు, తక్కువా కాదు."

"వ్యానుకు ఇరవై రెండేళ్లు సార్."

"వయసు మీరిన వాహనానికే క్రమశిక్షణ అవసరం."

"మన రూటులో అరవైతో వరసగా ఒక కిలోమీటరు పోగలిగిన రోడ్డు లేదు సార్."

"రోడ్డు మన శాఖ పరిధిలోకి రాదు. వేగం మన పరిధిలోకి వస్తుంది. మన పరిధిలో ఉన్నంతవరకు మనం లోపం లేకుండా చేద్దాం."

దీనికి జవాబు ఎలా చెప్పాలో దైవాధీనం ఆలోచిస్తూ ఉండగానే అచలపతి తీర్మానం రాసి, నిలబడి చదివాడు. కాగితం మీద పెన్ను పెట్టగానే అతన్ని ఎవరో పూర్వీకులు ఆవహించేవారు.

"సదరు యంత్రము, వాహనపు చక్రములు పరిభ్రమించుచున్న కాలములో నూటికి తొంబది పాళ్లకు తగ్గకుండ వినియోగములో నుండవలెను. వినియోగము తగ్గినయెడల సంబంధిత సిబ్బంది సంజాయిషీ సమర్పించుకొనవలెను. ఏకగ్రీవముగా ఆమోదించడమైనది."

దైవాధీనానికి ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదివే అలవాటు ఉంది. ఇది కూడా రెండుసార్లు చదివాడు. రెండుసార్లూ అదే అర్థం వచ్చింది. సంతకం పెట్టాడు.

బిగింపు పని టౌను మెకానిక్ షెడ్డులో జరిగింది. వెనక చక్రాలను తిప్పే పొడవాటి ఇరుసుకు ఒక అయస్కాంతం అతికించి, అది ఎంత జోరుగా తిరుగుతోందో కనిపెట్టే చిన్న కన్ను ఒకటి దాని పక్కన పెట్టారు. యాక్సిలరేటరును లాగి పట్టుకోవడానికి ఒక తీగ. బ్రేకు తొక్కగానే ఆ తీగను వదిలేయడానికి బ్రేకు కింద ఒక స్విచ్చి. స్టీరింగు పక్కన సబ్బుపెట్టె అంత డబ్బా. అందులో రెండు అంకెలు వెలుగుతాయి: ఒకటి యంత్రం ఎంత శాతం పని చేసిందో చెబుతుంది, రెండోది ఎన్నిసార్లు దాన్ని మధ్యలో ఆపారో చెబుతుంది. మెకానిక్ లేచి చేతులు తుడుచుకుంటూ, "అరవై దాకా మీరు తొక్కుకోవాలి, ఆ తర్వాత అదే పోతది. తలుపులు మాత్రం పట్టుకోండి" అన్నాడు.

మొదటి ప్రయాణం మేకలవారిపాలేనికి. టౌను దాటి నలభై అందుకునేసరికి ఒక మేకల మంద. యాభై అందుకునేసరికి స్పీడు బ్రేకరు. క్వారీ మలుపు తరవాత కొంచెం చదునుగా ఉన్నచోట బాజీ ఊపిరి బిగబట్టి అరవై అందుకున్నాడు. వ్యాను మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. అతడు మీట నొక్కి, రెండు కాళ్లూ దగ్గరికి తీసుకుని, పెళ్లిచూపుల్లో కూచున్నట్టు కూచున్నాడు.

"పట్టుకుంది సార్" అన్నాడు మెల్లగా.

అప్పుడే రోడ్డు మధ్యలోకి ఒక గేదె వచ్చి నిలబడి, వ్యాను వంక తీరిగ్గా చూసింది. బాజీ బ్రేకు తొక్కాడు. డబ్బాలో రెండో అంకె ఒకటి పెరిగింది.

నెల తిరిగేసరికి వినియోగం నూటికి మూడు పాళ్లు. దైవాధీనం సంజాయిషీ ఇవ్వవలసి వచ్చింది. అతడు ఉన్నది ఉన్నట్టు, వరసక్రమంలో, యంత్రం ఆగిన కారణాలు రాశాడు: గేదెలు, మేకలు, గేదెలు, గొర్రెల మంద, ఆవు, దూడ, గేదె, ఒంటరిది, మళ్లీ అదే గేదె, తిరుగుప్రయాణంలో. అలా నాలుగు పుటలు సాగింది.

పరాత్పరరావు గారు నాలుగు పుటలూ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"డాక్టర్ గారూ. పశుసంవర్ధక శాఖ వాహనానికి ప్రధాన ఆటంకం పశువులేనని మీరు నాకు రాతపూర్వకంగా ఇస్తున్నారా?"

"అవి ఉన్నచోటికే వెళ్తున్నాం సార్."

"అదే పొరపాటు జరుగుతూ వస్తోంది" అన్నారు పరాత్పరరావు గారు, కోపం లేకుండా, చాలాకాలం దొరకని తాళంచెవి దొరికినవారిలా. "ఇన్నేళ్లుగా ఎవరూ గమనించలేదు."

ఆ సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. సంచార పశువైద్యశాల ఇకమీదట జంతురహిత మార్గంలో మాత్రమే సంచరించవలెను. ప్రాంతం మొత్తంలో అటువంటి మార్గం ఒక్కటే ఉంది: అటూ ఇటూ ఇనప కంచె కట్టిన కొత్త హైవే బైపాసు.

దైవాధీనం అచలపతి బల్ల దగ్గరికి వెళ్లాడు.

"తొలకరి దగ్గరపడుతోందండీ. పోనీ వ్యాను బైపాసు మీదే తిరగనివ్వండి. మందు నేను ఐసుపెట్టెలో పెట్టుకుని బస్సులో తీసుకెళ్తాను."

అచలపతి జాలిగా చూశాడు. అతడు చెడ్డవాడు కాదు. కాగితాలకు అవతల ఏముంటుందో చూసే అవసరం ఎన్నడూ పడనివాడు. "మందు వ్యాను పేరన జారీ అయింది కదా డాక్టరు గారూ. మీ పేరన కాలేదు. వ్యాను దిగి బయటికెళ్తే అది సర్కారు మందు కాదు, పోయిన మందు. ఆడిట్లో నేను ఏమని చెప్పను?"

"బైపాసు మీద పశువులు ఉండవు కదా. టీకా ఎవరికి వెయ్యను?"

"అది సాంకేతిక విషయం. మీరే చూసుకోవాలి."

అలా సంచార పశువైద్యశాల టోల్‌గేటు నుంచి వంతెన దాకా, వంతెన నుంచి టోల్‌గేటు దాకా, అరవై కిలోమీటర్ల వేగంతో తిరగడం ప్రారంభించింది. వినియోగం మొదటి వారంలోనే తొంభై దాటింది. పరాత్పరరావు గారు స్వయంగా వచ్చి వంతెన మీద నిలబడి, కింద నుంచి వ్యాను పోవడం చూసి వెళ్లారు. రైతుకు కావలసింది భరోసా అనీ, భరోసా దర్శనం వల్ల కలుగుతుందనీ అన్నారు. దర్శనంతో పాటు శ్రవణం కూడా ఉంటే బాగుంటుందని అచలపతి అన్నందువల్ల వ్యాను మీద ఒక మైకు పెట్టారు. పశుపోషణ మీద సలహాలు రికార్డు చేసి వినిపించేవారు. ఆ వేగానికి కంచె అవతల పొలాల్లో ఉన్నవాళ్లకు "మీ గేదెకు" అన్నంతవరకే వినిపించేది. "గొంతు వాచినచో" అన్నది తరవాతి ఊరివాళ్లు వినేవారు. "వెంటనే మా వ్యాను వద్దకు" అన్నది టోల్‌గేటు సిబ్బందికి దక్కేది.

దైవాధీనం వెనక సీట్లో, టీకామందు ఫ్రిజ్‌కు ఆనుకుని కూచుని, రోజుకొక పుస్తకం చదివేవాడు. అంత తీరిక అతనికి చదువుకునే రోజుల తరవాత ఎన్నడూ దొరకలేదు. పుటలు తిరిగేవి గాని, ఏం చదివాడో సాయంత్రానికి గుర్తుండేది కాదు. ఆకాశం వంక ఎక్కువగా చూసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం కంచె సందులోంచి ఒక మనిషి, ఒక గేదె బైపాసు అంచుకు రావడం అతడు చూశాడు. మేకలవారిపాలెం పేరమ్మ. మొగుడు పోయాక రెండు గేదెల మీద ఇల్లు నడుపుకుంటున్న మనిషి. పెద్ద గేదెను పలుపు పట్టుకుని ఎండలో అంతదూరం నడిపించుకొచ్చింది. వ్యాను వస్తుంటే చెయ్యి ఎత్తింది. వ్యాను అరవైతో ఆమెను దాటిపోయింది. మైకు ఆమెకు "మీ గేదెకు" అని చెప్పింది.

"ఆపమంటారా సార్?" అన్నాడు బాజీ, అద్దంలోంచి చూస్తూ. "మొన్న కుక్క అడ్డం వస్తే ఆపినదానికి ఇంకా సంజాయిషీ రాస్తానే ఉన్నా. మీరు ఆపమంటే ఆపుతా."

దైవాధీనం వెంటనే ఆపమనలేదు. ఆపితే తొంభై పాళ్లు తప్పుతాయి, తప్పితే వ్యానునే ఎత్తేస్తారేమో, ఎత్తేస్తే ఉన్న మందు కూడా పోతుంది అని, అలవాటు ప్రకారం విషయాన్ని రెండుసార్లు ఆలోచించాడు. ఆ ఆలోచన వంతెన దగ్గర మొదలై టోల్‌గేటు దగ్గర ముగిసింది.

"ఈసారి ఆపు" అన్నాడు.

ఈసారికి ఆమె రోడ్డు అంచున లేదు. హైవే గస్తీ జీపు ఒకటి ఆమెను, గేదెను కంచె అవతలికి తోలేస్తూ కనిపించింది. జంతురహిత మార్గం గురించి వాళ్లకు కూడా ఉత్తర్వు అందింది.

ఆ రాత్రి కాదు గాని, మరి రెండు రాత్రులకు వాన పడింది. మంచి వాన. టౌనులో అందరూ చల్లబడిందని సంతోషించారు.

కబురు తెలిసి దైవాధీనం సెలవు పెట్టి బస్సెక్కి మేకలవారిపాలెం చేరేసరికి పేరమ్మ ఇంటి ముందు రాట ఖాళీగా ఉంది. రెండో గేదె, ఇంకా ఈనని పడ్డ, కొంచెం దూరంలో కట్టేసి ఉంది. పేరమ్మ ఏడవడం అయిపోయిన మొహంతో గడ్డి సర్దుతోంది.

"రా డాక్టరయ్యా" అంది. "ఇంత ఆలీసంగా వచ్చావేంది?"

అతడు ఖాళీ రాట వంక చూశాడు.

"రెండే బర్రెలు పొయినయ్ ఊళ్లో. నాదొకటి, రంగయ్యదొకటి. మీ వ్యాను ఇటు రాదంట గదా, బర్రెలు అడ్డమొస్తన్నయ్యని." ఆమె గడ్డి మోపు కింద పెట్టింది. "మా వీధిన ఇప్పుడు అడ్డం ఏం లేదయ్యా. రమ్మను నీ వ్యానుని."

అందులో ఎత్తిపొడుపు ఎంతో, నిజంగా పిలవడం ఎంతో దైవాధీనానికి తెలియలేదు. రెండూ ఉన్నాయనుకున్నాడు. ఊళ్లో ఇంకా డెబ్బై పైచిలుకు పశువులు ఉన్నాయి, పక్క ఊళ్లలో అంతకు అంత. ఆకాశం మళ్లీ మూసుకొస్తోంది.

తిరుగు బస్సులో అతడు తీర్మానం ప్రతి తీసి మూడోసారి చదివాడు. "చక్రములు పరిభ్రమించుచున్న కాలములో" అని ఉంది. చక్రాలు ఎక్కడ తిరగాలో లేదు. వాటి కింద రోడ్డు ఉండాలని లేదు. చక్రాలు తిరగడానికీ వ్యాను ముందుకు పోవడానికీ సంబంధం ఉండాలన్న భావన తీర్మానంలో ఎక్కడా కనిపించలేదు.

మర్నాడు పరాత్పరరావు గారి ముందు అతడు నిలబడి, వాళ్ల భాషలోనే మాట్లాడాడు. జన్మలో మొదటిసారి.

"సార్, ప్రస్తుత విధానంలో వినియోగం తొంభై నాలుగు దగ్గర ఆగిపోయింది. మిగిలిన ఆరు పాళ్ల నష్టానికి మూలకారణం చలనం. వాహనం చలించినంతకాలం మలుపులు, టోల్‌గేటు, బ్రేకు తప్పవు. కనుక స్థావర స్థిరవేగ విధానాన్ని ప్రతిపాదిస్తున్నాను. వెనక చక్రాలు నేలకు తగలకుండా వాహనాన్ని రాతిదిమ్మెల మీద నిలిపి, యంత్రాన్ని ఆన్ చేస్తే, చక్రాలు నిరంతరాయంగా అరవై మీద పరిభ్రమిస్తాయి. వినియోగం నూటికి నూరు."

పరాత్పరరావు గారు కళ్లజోడు తీశారు. ఆయన కళ్లలో తడి మెరిసినట్టు దైవాధీనానికి అనిపించింది.

"ఎక్కడ నిలుపుదామంటారు?"

"మేకలవారిపాలెంలో క్వారీ రాతిదిమ్మెలు ఊరికే దొరుకుతాయి సార్. తదుపరి చుట్టుపక్కల పల్లెల్లో."

"అక్కడ పశువులు ఉన్నాయే."

"ఉన్నాయి సార్. కాని నిలబడిన వాహనానికి ఏ పశువూ అడ్డం రాజాలదు."

అచలపతి పెన్ను మూత తీశాడు. "నిరాక్షేపణీయము" అని తనలో తాను గొణుక్కున్నాడు.

"మరి అక్కడిదాకా వెళ్లడం?" అన్నారు పరాత్పరరావు గారు. "దారిలో యంత్రం ఆగుతుంది కదా."

"ఇంజను ఆపేసి ట్రాక్టరుతో లాగిస్తాం సార్. తాళంచెవి తీసేస్తే డబ్బా దేన్నీ లెక్కపెట్టదు."

అలా, స్వయంగా నడవగలిగిన సంచార పశువైద్యశాలను రంగయ్య ట్రాక్టరు వెనక మోకుతో కట్టి మేకలవారిపాలేనికి లాక్కొచ్చారు. స్టీరింగు పట్టుకుని కూచున్న బాజీ దారి పొడవునా తలవంచుకునే ఉన్నాడు. ఊళ్లోకి రాగానే ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు.

"ఏం బాజీ, నీ బండికి జబ్బు చేసిందా? డాక్టరయ్య పక్కనే ఉండెగా, సూది పొడిపియ్యకపోయావా" అంది ఒకామె.

"నాకే పొడిపిచ్చుకోవాలమ్మా ముందు" అన్నాడు బాజీ.

గ్రానైటు దిమ్మెల మీద వెనక ఇరుసు ఎక్కించారు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. బాజీ ఇంజను తిప్పి, అరవై అందుకుని, మీట నొక్కి దిగిపోయాడు. చక్రాలు గాలిలో గిర్రున తిరుగుతున్నాయి. ఇంజను నడుస్తోంది కనుక ఫ్రిజ్ చల్లగా ఉంది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తున్న వాహనం నీడలో నిలబడి దైవాధీనం ఊరిలోని పశువులన్నిటికీ టీకాలు వేశాడు. గేదెలు తిరుగుతున్న చక్రాల వంక కాసేపు చూసి, అందులో తమకు సంబంధించింది ఏమీ లేదని తేల్చుకుని నెమరు వేసుకున్నాయి.

పేరమ్మ తన పడ్డను చివర పట్టుకొచ్చింది. సూది వేస్తున్నంతసేపు దాని మెడ మీద చెయ్యి వేసి ఉంచింది.

"అట్టా గాలిలో తిరిగితే ఏమొస్తదయ్యా?" అంది చక్రాలు చూపిస్తూ.

"నీ పడ్డకు టీకా వచ్చింది" అన్నాడు దైవాధీనం.

"పెద్దదానికి కూడా అట్నే తిప్పకపోయావా."

అతడు సూది మార్చుకున్నాడు.

ఆ నెల వినియోగం నూటికి నూరు పాళ్లు. పై కార్యాలయం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. అన్ని ప్రాంతాల వ్యానులనూ దిమ్మెల మీదికి ఎక్కించడానికి ప్రణాళిక తయారవుతున్నట్టు తెలిసింది. జూలైలో మళ్లీ సమావేశం జరిగింది. అదే మందిరం, అదే మనుషులు, గుమ్మం బయట అందుబాటులో బాజీ.

"ఒకే ఒక్క లోపం మిగిలింది" అన్నారు పరాత్పరరావు గారు. "ట్రాక్టరు. గత పర్యటనలో అది దారిలో పలుమార్లు ఆగిందని తెలిసింది. కారణం?"

"గేదెలు సార్" అన్నాడు దైవాధీనం.

పరాత్పరరావు గారు నిట్టూర్చారు. "చూశారా. సమస్యను మనం వ్యాను నుంచి తొలగిస్తే, అది ట్రాక్టరు ఎక్కింది. ట్రాక్టర్లకు కూడా స్థిరవేగ ధారణ యంత్రం అమర్చాలి. అమర్చాక ట్రాక్టర్లు జంతురహిత మార్గంలోనే నడవాలి."

దైవాధీనానికి మేకలవారిపాలెం దారి కళ్ల ముందు కదిలింది. ఇంకా పదకొండు పల్లెలకు టీకాలు మిగిలి ఉన్నాయి. చలికాలం వస్తే గాలికుంటు టీకాలు ఉన్నాయి.

"సాంకేతిక వివరాల పత్రం లేనిదే టెండరు పిలవడానికి వీల్లేదు సార్" అన్నాడు అచలపతి. "దాని మీద బాధ్యుల సంతకం ఉండాలి. అది నా బల్ల మీదికి వచ్చేదాకా ట్రాక్టర్లకు పాత పద్ధతే."

"అయితే బాధ్యులు డాక్టరు గారే" అన్నారు పరాత్పరరావు గారు. "ఈ శాఖలో ఆలోచించే మనిషి ఆయనొక్కరే."

దైవాధీనం కాదనలేదు. అక్కడే కూచుని, ట్రాక్టరు ఇరుసు కొలతలు, తీగ మందం, బ్రేకు స్విచ్చి స్వభావం ఒక పెద్ద కాగితం మీద పొందికగా రాశాడు. రెండుసార్లు చదువుకున్నాడు. ఎక్కడా తప్పు లేదు.

"ఎప్పుడు పంపిస్తారు?" అని అడిగాడు అచలపతి.

"పరిశీలనలో ఉంచి పంపిస్తానండీ."

ఆ మాట విని అచలపతి మొదటిసారి అతని వంక తోటి ఉద్యోగిని చూసినట్టు చూశాడు.

బయట రంగయ్య ట్రాక్టరు వచ్చి ఆగింది. బాజీ మోకు కడుతున్నాడు. దైవాధీనం వ్యాను ఎక్కి, ఇనప బల్ల మీద కాగితం పరిచి, అడుగున తేదీ వేసి సంతకం పెట్టాడు. నాలుగు మడతలు పెట్టాడు. ఫ్రిజ్ తెరిచి, టీకామందు సీసాలన్నీ పక్కకు జరిపి, ఏ అధికారీ ఎన్నడూ చెయ్యి పెట్టని అడుగు అరలో ఆ కాగితాన్ని పెట్టి, సీసాలు మళ్లీ దాని మీద వరసగా పేర్చి, తలుపు నొక్కి మూశాడు.